కాలు వణుకు అని రాశారు

మా మరదలి కాలు వణుకుతోందని ఆసుపత్రి వాళ్ళు కాగితం మీద రాశారు. ఆ కాగితం నేను చూశాను. పైన నంబరు, కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర, అన్నీ ఉన్నాయి. రాసిన మనిషి మాత్రం ఆమె నడిపే కారులో ఒక్కసారి కూడా కూర్చున్న పాపాన పోలేదు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. యాభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ ఆసుపత్రి కారు నడుపుతోంది. డయాలసిస్ చేయించుకునే వాళ్ళని పొద్దున ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని పదకొండింటికి యంత్రాల దగ్గర దింపుతుంది. మూడింటికి మళ్ళీ ఎక్కించుకుని ఇళ్ళకు చేరుస్తుంది. ఆ మనుషులు మనలా కూర్చోలేరు. చిన్న గుంత తగిలినా నొప్పి, బ్రేకు గట్టిగా పడితే వాంతి. అందుకని ఆమె ఊరి బయట నుంచి వెళ్ళే నున్నటి రోడ్డు పట్టుకుని, స్పీడు ముల్లు యాభై దాటనీయకుండా, యాభైకి తగ్గనీయకుండా నడుపుతుంది. పదకొండేళ్ళుగా అదే కారు, అదే రోడ్డు, అదే యాభై.

రెండు నెలల నుంచి ఆ కారు ఊగుతోంది. పక్కకి కాదు, ముందుకీ వెనక్కీ. ఎవరో వెనక నుంచి కాస్త తోసి, అంతలోనే పట్టుకుని లాగినట్టు. రోజూ ఎక్కే వాళ్ళలో ఒకావిడ ఉంది, వెనకటికి ఏదో ఆఫీసులో టైపు కొట్టేదట, అందరూ టైపు మేడం అంటారు. ఆవిడకి దారిలో రెండుసార్లు వాంతి అయింది. ఆవిడ ఆసుపత్రిలో బళ్ళ సెక్షను ఆఫీసరుకి చెప్పిన మాట, “కారు ఊగుతోంది బాబూ, చూపించండి” అని. ఆఫీసరు కారుని కంప్యూటరు పెట్టి చూసే పెద్ద షెడ్డుకి పంపాడు. వాళ్ళు తీగ తగిలించి, తెర చూసి, లోపం ఏమీ లేదని చీటీ ఇచ్చారు. కారులో లేకపోతే మరి ఎక్కడుంది? నడిపే మనిషిలో ఉంది. అంతే, తేల్చేశాడు.

గురువారం మధ్యాహ్నం మరదలు ఆ కారులోనే నా షెడ్డుకి వచ్చింది. నేను ఒక జీపు కింద పడుకుని ఉన్నాను.

“బావా, బయటికి రా.”

“ఊఁ.”

“ఊఁ కాదు. కాళ్ళు కనపడితే సరిపోదు, తల కూడా కావాలి.”

బయటికి వచ్చాను. కాగితం చేతిలో పెట్టింది. నేను చదువుతున్నంతసేపూ నిలబడింది. నేను మెల్లగా చదువుతానని ఆమెకి తెలుసు, తొందరపెట్టదు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి తాళం ఇచ్చేయాలని, ఆ రోజు నుంచి దుప్పట్లు మడతపెట్టే గదిలో పని అని ఉంది. కారణం అని ఉన్నచోట, కాలు వణుకు.

“ఎవరు చూశారు వణకడం?” అన్నాను.

“నిన్న ఒక డాక్టరు దగ్గరికి పంపారు. కుర్రడాక్టరు. మీ కాలు వణుకుతోందట కదమ్మా, చేతులు చాపండి అన్నాడు. అంతకుముందు గంటన్నర బయట బల్ల మీద కూర్చోబెట్టారు. దొంగతనం చేసినదానిలా. నాకు ఒళ్ళు మండిపోతోంది. చాపాను. చెయ్యి వణికింది. కోపంతో వణకదా బావా? వణుకు ఉంది అని రాసేశాడు.”

“చెయ్యి కదా.”

“చెయ్యి వణికితే కాలు వణకదా అన్నాడు ఆఫీసరు. నాకు మెడ కూడా ఉంది, అది పట్టుకుని చూడలేదు సంతోషం.”

ఆమె నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. కారు ఊగుతోందని ఒకావిడ చెబితే, కాలు వణుకుతోందని ఇంకొకడు రాసుకోవడం ఏమిటి? విన్నది ఒకటి, రాసింది ఒకటి. మధ్యలో ఈమె బతుకు. మా మరదలికి కారు నడపడం జీతం కోసం చేసే పని మాత్రమే కాదు. ఇరవై ఏళ్ళప్పుడు, ఆడదానికి స్టీరింగు ఏమిటని నలుగురూ వెక్కిరిస్తున్నప్పుడు, ఈ షెడ్డు ముందు ఖాళీ డబ్బాలు నిలబెట్టుకుని వాటి మధ్య నుంచి వెనక్కి తిప్పడం నేర్చుకున్న మనిషి. నేర్పింది నేను.

“కారు ఎక్కు,” అన్నాను.

ఊరి బయటి రోడ్డుకి తీసుకెళ్ళింది. నేను పక్క సీటులో కూర్చున్నాను. ఇంజన్ వేడెక్కింది, ముల్లు యాభై మీదకి వచ్చింది. మూడు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మొదలైంది. తోపు, లాగుడు, తోపు, లాగుడు. ఊపిరి పీల్చి వదిలినట్టు.

“ఇదిగో, వచ్చింది నా కాలు వణుకు,” అంది మరదలు.

ఆ రోజు పెట్రోలు ఫిల్టరు మార్చాను. నల్లగా ఉంది, మార్చాల్సిందే. గొట్టాలన్నీ వేలితో తడిమాను. గాలి ఎక్కడైనా దొంగతనంగా పోతోందేమోనని సబ్బునీళ్ళు కొట్టి చూశాను. ప్లగ్గులు విప్పి తుడిచి పెట్టాను. మూడింటికి ఆమె కారు తీసుకుపోయింది.

శుక్రవారం పదకొండున్నరకి వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. పొద్దున అసలు ఊగలేదంది. నేను నిజమే అనుకున్నాను. బయటి రోడ్డు మీద తారు వేస్తున్నారని, ఊళ్ళోంచి తిరిగి వచ్చిందని తర్వాత మాటల్లో చెప్పింది. ఊళ్ళో యాభై ఎక్కడ తగులుతుంది? ఆగడం, కదలడం, ఆగడం. సరే పద అని మళ్ళీ బయటి రోడ్డుకి వెళ్ళాం. తారు పని అయిపోయింది. ఆమె నడిపింది. ఊగింది.

“దిగు. నేను నడుపుతాను,” అన్నాను.

నేను నడిపాను. ఆ చివర దాకా, మళ్ళీ ఈ చివర దాకా. ఒక్కసారి కూడా ఊగలేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. దాచిపెడితే ఆ ఆఫీసరుకీ నాకూ తేడా ఉండదు. కారు ఆపి, తాళం ఆమె చేతికి ఇస్తూ, నేను ఆమె కాలి వంక చూశాను. ఒక్క క్షణమే. కాని చూశాను. ఆమె అది చూసింది.

“చెప్పు విప్పి చూపించనా?” అంది.

నేను పక్క సీటు వైపుకి తిరిగాను.

“వాళ్ళకి నేనెవరో తెలియదు, రాసుకున్నారు. నీకు కూడా కాలే కనపడిందా బావా?”

ఆ తర్వాత షెడ్డు వచ్చేదాకా ఆమె నోరు విప్పలేదు. నేను మాట్లాడకపోవడం మామూలే. ఆమె మాట్లాడకపోవడం అదే మొదటిసారి. దింపి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడకి విషయం ముందే చేరింది. గిన్నె నా ముందు పెట్టిన చప్పుడుతోనే తెలిసింది.

“దాని కాలు చూశారట.”

“ఊఁ.”

“ముప్పై ఏళ్ళు దానికి మీరే గురువు. ఎవడో కాగితం రాస్తే మీరు కాలు చూస్తారా?”

“నేను నడిపితే ఊగలేదు.”

“మీరు నడిపితే ఎందుకు ఊగుతుంది? మీరు నడిపితే కారుకి ఊగడానికి తీరికెక్కడ? ముందు బండి కనపడితే దాటాలి, కనపడకపోతే కనపడేదాకా పరిగెత్తాలి. మీ పక్కన కూర్చుంటే నేను తలుపు పిడి వదలను. అది నడుపుతుంటే బయలుదేరిన వీధి దాటకముందే నిద్రపోతాను. మీరిద్దరూ ఒకేలా నడుపుతారా ఏమిటి?”

తింటున్న చెయ్యి ఆగింది. అరవై, డెబ్బై, మళ్ళీ యాభై ఐదు, మళ్ళీ అరవై. ఆ రోడ్డు మీద నేను నడిపింది అలాగే. ముల్లు ఒక్కచోట నిలబెట్టి నిమిషం కూడా నడపలేదు. నలభై ఏడేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నాను, ఇంత చిన్న సంగతి గిన్నె ముందు కూర్చుంటే గానీ తట్టలేదు. మా ఆవిడకి ఆ మాట చెప్పలేదు. చెబితే ఇంకో ముప్పై ఏళ్ళు వినాలి.

శనివారం మరదలు వచ్చింది. ముఖం మాడ్చుకునే ఉంది. నేను బానెట్ ఎత్తాను.

“లోపల కూర్చో. ఇంజన్ వెయ్యకు. రోడ్డు మీద యాభైకి ఎంత నొక్కుతావో అంత నొక్కి పెట్టు.”

“పరీక్షా?”

“ఊఁ.”

“ముద్ర కూడా తెచ్చావా?”

ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం నోటి దగ్గర ఒక గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. పెడల్ నొక్కితే కేబుల్ లాగుతుంది, పక్కనున్న చిన్న చెయ్యి తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కాలు ఎంత కదిలితే ఆ చెయ్యి అంత కదులుతుంది. వెంట్రుకవాసి కదిలినా అక్కడ తెలిసిపోతుంది. ఆమె నొక్కగానే ఆ చెయ్యి ఆగినచోట సుద్దముక్కతో గీత పెట్టాను. స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాను.

పది నిమిషాలు చూశాను. ఆ చెయ్యి గోడకి కొట్టిన మేకులా ఉంది. నేను పెట్టిన గీత మీద నుంచి ఇసుక రేణువంత కూడా జరగలేదు.

“బావా, తిమ్మిరెక్కుతోంది.”

“తియ్యి.”

“వణికిందా?”

“లేదు.”

ఆమె దిగి వచ్చి నా పక్కన నిలబడింది. నేను ఆ గీత చూపించాను. వంగి చూసింది. నేను క్షమించమని అనలేదు. స్టూలు ఆమె వైపు జరిపాను, కూర్చుంది.

కాలు కదలడం లేదు, చెయ్యి కదలడం లేదు, తలుపు కదలడం లేదు. అయినా ఇంజన్ మాత్రం ఎవరో పెడల్ వదిలి మళ్ళీ నొక్కినట్టు ఊగుతోంది. అంటే కాలు కదిలిందని దానికి ఎవరో చెబుతున్నారు. చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ తలుపు ఇరుసుకి రెండో పక్కన బొటనవేలంత నల్లటి పెట్టె ఉంటుంది, మూడు తీగలతో. సెన్సర్ అంటారు. తలుపు ఎంత తెరుచుకుందో కారులో ఉన్న కంప్యూటరుకి చెప్పడం దాని పని. లోపల నల్లటి సన్నటి పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు నాలుక. అంతే.

నా దగ్గర కరెంటు కొలిచే ముల్లు మీటరు ఉంది. ఇప్పుడు అందరూ అంకెల మీటర్లు వాడుతున్నారు. అంకె మారడానికి టైము పడుతుంది, రెప్పపాటులో పడి లేచేది అంకెకి అందదు. ముల్లుకి అందుతుంది. తాళం తిప్పి, సెన్సర్ తీగలకి మీటరు తగిలించి, తలుపుని వేలితో కొద్దికొద్దిగా తెరిచాను. ముల్లు నెమ్మదిగా పైకి పాకింది. సుద్దగీత దగ్గరికి రాగానే దభాలున కిందపడి లేచింది. గీత దాటాక మళ్ళీ మామూలే. వెనక్కి తెచ్చాను. గీత దగ్గర పడింది, లేచింది. ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ అక్కడే.

“అదేం నాటకం?” అంది మరదలు ముల్లుని చూసి.

“నువ్వు కాలు తీశావని ఇది అబద్ధం చెబుతోంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు తగ్గిస్తోంది. మళ్ళీ నొక్కావంటోంది. మళ్ళీ పోస్తోంది.”

“మరి నువ్వు నడిపితే?”

“నేను ఆ చోటు మీద ఆగను.”

ఆమె చాలాసేపటికి నవ్వింది. “అక్క చెప్పిందా?” అంది. నేను మీటరు తీగలు చుట్టి పెట్టుకున్నాను.

పాత సామాన్ల గదిలో అదే రకం కారు ఇంజన్ ఒకటి ఉంది. దాని సెన్సర్ విప్పి, ముల్లు పెట్టి చూసి, దీనికి బిగించాను. బయటి రోడ్డు మీద యాభై దగ్గర ఇరవై నిమిషాలు నడిపింది. నీళ్ళ మీద పడవలా పోయింది కారు. మూడింటికి రోగుల్ని తీసుకుపోయింది. టైపు మేడం ఇల్లు వచ్చేదాకా నిద్రపోయిందని, లేపితే అప్పుడే వచ్చేసిందా అందని సాయంత్రం మా ఆవిడకి ఫోను చేసి చెప్పింది.

ఆమె వెళ్ళాక పాత సెన్సర్‌ని పట్టకారుతో పగలగొట్టాను. భూతద్దం పెట్టి చూశాను. పట్టీ అంతా నల్లగా నిగనిగలాడుతోంది, కొత్తదానిలా. ఒక్కచోట మాత్రం, నువ్వుగింజంత మేర, అరిగి తెల్లబడింది. ఆ పక్కా ఈ పక్కా గీత కూడా లేదు.

కాలు నిలవని మనిషి నడిపిన కారులో ఈ పట్టీ పొడుగునా అరుగుతుంది. నా కారులోది తీసి చూస్తే అలాగే ఉంటుంది. పదకొండేళ్ళు ఒకే చోట, తడబడకుండా, ఒకే బిగువుతో ఆనించి ఉంచిన కాలు వల్ల మాత్రమే ఇలా అరుగుతుంది. ఆ రోగులకి కుదుపు తగలకూడదని ఆమె పడ్డ జాగ్రత్తే ఆ పెట్టెని తినేసింది. దాన్ని పట్టుకుని కాలు వణుకు అని రాశారు. నేను ఆ ముక్కలు అరచేతిలో పెట్టుకుని షెడ్డులో అలాగే నిలబడ్డాను. నాకు కోపం తొందరగా రాదు. వస్తే తొందరగా పోదు.

సోమవారం తొమ్మిదిన్నరకి ఇద్దరం బళ్ళ సెక్షను గదికి వెళ్ళాం. పొడుగాటి గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి మేకుల మీద వరుసగా తాళాలు. ఆఫీసరు నలభై ఏళ్ళ మనిషి. టీ తాగుతున్నాడు. మరదల్ని చూసి చెయ్యి చాపాడు, తాళం కోసం. నేను ఆ చేతిలో సెన్సర్ ముక్క పెట్టాను. భూతద్దం బల్ల మీద పెట్టాను.

“ఏమిటిది?”

“చూడండి,” అన్నాను.

చూశాడు. చెప్పాల్సింది చెప్పాను. నా జన్మలో అంత సేపు ఒకేసారి మాట్లాడలేదు.

“కాని పెద్దాయనా, పెద్ద షెడ్డులో కంప్యూటరు పెట్టి చూశారు కదా. లోపం చూపించలేదు.”

“వాళ్ళ తెర చదివింది కారులోని కంప్యూటరునే. మోసపోయిందే అది. అదేం చూపిస్తుంది?”

ఆయన భూతద్దం అటూ ఇటూ తిప్పాడు. అర్థమైంది. ముఖంలో తెలిసింది. టీ కప్పు పక్కకి జరిపి, “సరే, పాత పార్టు, అరిగిపోతాయి, మామూలే. మంచి పని చేశారు. తాళం ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. వెళ్ళి పేషెంట్లని తీసుకురామ్మా, టైమవుతోంది,” అన్నాడు.

మరదలు కదల్లేదు.

“ఆ కాగితం?” అంది.

“ఏ కాగితం?”

“నా కాలు సంగతి రాసింది.”

“అది ఫైలులో ఉంటుందమ్మా. కారు బాగైందని ఇంకో కాగితం పెడతాం. అయిపోయింది కదా, ఇప్పుడెందుకు అదంతా?”

“రేపు ఇంకెవరైనా ఫైలు తీస్తే?”

“ఎవరు తీస్తారు? పది కావస్తోంది, వాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉంటారు. నీ పంతానికి వాళ్ళు ఎదురుచూడాలా?”

చూశారా మాట. తప్పు రాసింది తను, పంతం ఆమెది. పైగా ఆమె ఆ మనుషుల్ని నిలబెట్టే మనిషి కాదని తెలిసే అన్నాడు. మరదలు నా వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పడనీయలేదు. తాళం తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళకుండా ఎలా ఉంటుంది, ఎక్కువసేపు నిలబడే ఓపిక టైపు మేడంకి లేదు.

ఆమె లేచిన కుర్చీ ఖాళీగా ఉంది. నేను కూర్చున్నాను.

“మీకింకేమైనా కావాలా?” అన్నాడు ఆఫీసరు.

“ఆ కాగితం.”

“చెప్పాను కదా.”

నేను కుర్చీలోంచి కదల్లేదు. ఆయన ఫోను చేసుకున్నాడు. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఇద్దరు డ్రైవర్లు వచ్చి తాళాలు తీసుకుని వెళ్ళారు, నన్ను చూశారు. ఆయన బయటికి వెళ్ళి వచ్చాడు. నేను ఉన్నాను. ఊరికే కూర్చోవడం నాకు కష్టం కాదు. ఎదురుగా ఊరికే కూర్చున్న మనిషిని భరించడం ఆయనకి కష్టం అని పావుగంటలో తెలిసింది. సొరుగు తీస్తాడు, మూస్తాడు. నేను గోడ వంక కూడా చూడలేదు, ఆయన వంకే చూశాను.

“మీరు ఇలా కూర్చుంటే పని ఎలా చేసుకోవాలండీ?”

నేను భూతద్దం ఆయన వైపు ఇంకాస్త జరిపాను.

పదిన్నర దాటాక ఫైలు తీసి ఒక కాగితం రాసి నా ముందుకి తోశాడు. అక్షరం అక్షరం చదివాను. వాహనంలో లోపం సరిచేయబడినందున డ్రైవరును కొనసాగించడమైనది అని ఉంది.

“కాలు?” అన్నాను.

లాక్కుని ఇంకో వాక్యం కలిపాడు. ప్రస్తుతం కాలు వణుకు కనిపించడం లేదు.

“ప్రస్తుతం తీసేయండి.”

“ఒక్క మాటకి ఏమవుతుంది?”

“అందుకే తీసేయండి.”

కొట్టేశాడు. కొట్టేసినచోట గజిబిజిగా ఉందని కాగితం చింపి, కొత్తది తీశాడు. ఈసారి తనే ఆలోచించుకుంటూ రాశాడు. డ్రైవరుకు కాలు వణుకు లేదు, మునుపు కూడా లేదు, ముందు రాసినది పొరపాటు. చదివి మళ్ళీ ఆయన వంక చూశాను.

“ఇంకా ఏమిటండీ?”

“ఎవరిది?”

ఆయన కలానికి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. పదకొండు దాటింది. రోగుల్ని దింపి మరదలు గుమ్మంలోకి వచ్చింది.

“బావా, ఇంకా ఇక్కడే ఉన్నావా? అక్క చూస్తే ఉద్యోగం దొరికిందనుకుంటుంది.”

“ఆయన రాస్తున్నారు.”

ఆయన తల ఎత్తలేదు. పొరపాటు అన్న మాటకి ముందు, ఇరుకైన ఖాళీలో, నా అని రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. కాగితం నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

“ఆవిడకి చదవండి.”

గొంతు సవరించుకున్నాడు. చదివాడు. మధ్యలో గొంతు తగ్గింది.

“వినపడలేదు,” అంది మరదలు.

మళ్ళీ మొదటి నుంచి చదివాడు, అన్ని మాటలూ. ఆమె గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. క్షమించమని ఆయన అనలేదు. ధన్యవాదాలని ఆమె అనలేదు, అనాల్సిన పని కూడా లేదు.

“సరే. ట్యాంకు అడుగంటుతోంది. పెట్రోలు చీటీ ఇవ్వండి,” అంది.

ఆయన చీటీల పుస్తకం తీశాడు. నేను కుర్చీలోంచి లేచి, ఆమెకి చోటిచ్చాను.